పెరిగే పిల్లాడి నీటిపలక

ఇప్పలవాగు అడవిలో ఎలుగుబంట్లు, మనుబోతులు, ముంగిసలు, ఉడుతలు, వడ్రంగిపిట్టలు కలిసిమెలిసి ఉండేవి. అడవి నడుమ ఒక వాగు పారేది. ఎండాకాలంలో అది చీమలు కూడా నడిచి దాటేంత చిన్నది. వానలు పడ్డాయా, ఇక దాన్ని ఆపేవాళ్ళు లేరు. ఒడ్డున ఉన్న బొరియల్లోకి చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చునేది.

అందుకే ఆ అడవిలో నీటిదండు అని ఒకటి ఉండేది. ఎవరి పిల్లలైనా వరదలో చిక్కుకుంటే, దండువాళ్ళు పలకల మీద నిలబడి వెళ్ళి తెచ్చేవాళ్ళు. పలక అంటే బడిపలక కాదర్రా! రెండు కొసలూ కాస్త పైకి లేచిన చెక్క. మనుబోతు వీరన్న మెడకు పొడవాటి తీగ కట్టుకుని ఒడ్డు వెంట పరుగెత్తేవాడు. ఆ తీగ రెండో కొస పట్టుకుని పలక మీద నిలబడితే, అది నీళ్ళ మీద సర్రున జారుకుంటూ పోయేది. కాళ్ళకు కట్లేమీ ఉండవు. ఉత్తకాళ్ళతో నిలబడాల్సిందే.

ఆ వాగు ఒడ్డునే ముంగిస పోలమ్మ ఉండేది. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడి పేరు బుడంకాయ్, చిన్నదాని పేరు పిందె. పోలమ్మ చాలా మంచిదే కానీ ఆమెకు ఒక అలవాటు ఉంది. పిల్లలకు ఏది చేయించినా "పెరిగే పిల్లలు కదా" అని రెండింతలు పెద్దది చేయించేది. పిందెకు అల్లిన ఆకుల టోపీ దాని ముక్కు దాకా దిగేది. పాపం ఆ పిల్ల రోజుకు రెండు చెట్లకైనా గుద్దుకునేది.

కిందటేడు వరదకు పిందె బొరియలో చిక్కుకుపోయింది. బుడంకాయ్ ఒడ్డు మీద గెంతుతూ ఏడవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు. దండు పెద్ద అయిన ఎలుగు బాబాయి వెళ్ళి, దాన్ని చంకలో పెట్టుకుని తెచ్చాడు. ఆ రోజు బుడంకాయ్ తన తోక మీద ఒట్టు పెట్టుకున్నాడు.

"మళ్ళీ వరదొస్తే నా చెల్లిని నేనే తెస్తాను."

మాట మంచిదే. కానీ వాడి చూపంతా ఎలుగు బాబాయి పలక మీదే ఉండిపోయింది. ఎంత పొడుగు! ఎంత వెడల్పు! ఎంత నిగనిగ! అలాంటిది ఉంటే చాలు, తనూ అంతటివాడే అనుకున్నాడు.

వానాకాలం వచ్చింది. దండులో చేరాలంటే మద్దిచెట్టు దగ్గర బయలుదేరి, జమ్ముగడ్డి దాకా పడకుండా వెళ్ళాలి. ఏడాదికి మూడే అవకాశాలు. మూడుసార్లూ పడితే మళ్ళీ వచ్చే వానాకాలం దాకా కూర్చోవాల్సిందే.

పోలమ్మ కొడుకుని వెంటబెట్టుకుని వడ్రంగిపిట్ట టకటకమ్మ దగ్గరికి వెళ్ళింది. అడవిలో పలకలన్నీ చేసేది ఆవిడే. టకటకమ్మ బుడంకాయ్‌ని ఇసుకలో వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కుతో కొలిచి, ఒక చిన్న పలక తెచ్చి పక్కన పెట్టింది. అది సరిగ్గా వాడి గడ్డం దాకా వచ్చింది.

బుడంకాయ్ దాన్ని తడిమి చూశాడు. "ఇదేంటి, ఇంత గరుగ్గా ఉంది?"

"తుమ్మబంక పూసి ఇసుక చల్లాను నాయనా. గరుగ్గా ఉంటేనే తడికాళ్ళు జారవు. చిన్నది కాబట్టి నువ్వు ఎటు వంగితే అటు తిరుగుతుంది. నీలాంటి చిన్నవాడికి మొదటి పలక ఇలాగే ఉండాలి."

బుడంకాయ్ మూతి ముడుచుకున్నాడు. "ఇది పలకా, అట్లకాడా? నాకు ఎలుగు బాబాయిది లాంటిది కావాలి."

పోలమ్మ కూడా కొడుకునే వెనకేసుకొచ్చింది. "పెరిగే పిల్లాడమ్మా! ఇవాళ సరిపోయేది తీసుకుంటే వచ్చే ఏడాదికి పొట్టిదైపోతుంది. నాలుగేళ్ళు వచ్చేలా చూసి ఇవ్వు."

"పలక టోపీ కాదు పోలమ్మా, లోపల ఆకులు కుక్కి సరిపెట్టుకోడానికి," అంది టకటకమ్మ.

"పోనీ, పెద్ద పలక ఇచ్చి వాడి కాళ్ళు దానికి కట్టెయ్యి. జారడుగా!"

టకటకమ్మ రెక్కలు టపటపలాడించింది. "అమ్మో! కట్టానంటే, పలక బోల్తాపడినప్పుడు మీవాడు దాని కిందే ఉండిపోతాడు. పడ్డప్పుడు పలక ఒక దారి, మనం ఒక దారి పోవాలి. అప్పుడే ప్రాణానికి రక్ష."

ఎంత చెప్పినా తల్లీకొడుకులు చెవిన వేసుకోలేదు. ఎలుగు బాబాయి కోసం చేసి పెట్టిన రెండో పలకే కావాలని పట్టుబట్టారు. దాని మీద నలుగురు బుడంకాయ్‌లు వరసగా పడుకున్నా ఇంకా తోకలు పెట్టుకోడానికి చోటు మిగులుతుంది! చేసేది లేక టకటకమ్మ ఇచ్చేసింది.

అంతలో ఉడుత జొన్నక్క వచ్చింది. ముగ్గురు పిల్లల తల్లి. పిల్లలు పెద్దవాళ్ళై గూడు విడిచి వెళ్ళాక, తను కూడా దండుకు పనికొస్తానేమోనని బయలుదేరింది.

"టకటకమ్మా, నేనింక పెరిగేదేమీ లేదు. ఉన్నదానికి సరిపోయేది ఒకటి ఇవ్వు చాలు," అంది.

టకటకమ్మ ఆమెను కూడా కొలిచి, గడ్డం దాకా వచ్చే బుల్లి పలక ఇచ్చింది. దాన్ని చూసి బుడంకాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"జొన్నక్కా, దాంతో అట్లు తిప్పుకో!"

"ముందు నిలబడటం వస్తే చాలు నాయనా. అట్ల సంగతి తర్వాత చూద్దాం," అని జొన్నక్క పలక చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. తల్లీకొడుకులు మాత్రం తమ పలకను ఇంటికి చేర్చేలోపు ఏడుసార్లు కింద పెట్టి ఆయాసపడ్డారు.

పరీక్ష రోజు వచ్చింది. అడవంతా ఒడ్డున చేరింది. ముందు జొన్నక్క దిగింది. మొదటిసారి నాలుగు బారలు పోయి బుడుంగున పడింది. రెండోసారి వంపు దగ్గర పడింది. రెండుసార్లూ పలక ఒక పక్క, ఆవిడ ఒక పక్క తేలారు. మూడోసారి మోకాళ్ళు వంచి, తోక వెనక్కి చాచి, జమ్ముగడ్డి దాకా వెళ్ళిపోయింది! ఒడ్డున ఈలలే ఈలలు.

తర్వాత బుడంకాయ్ వంతు. ఛాతీ విరుచుకుని పలక నడిమధ్యన నిలబడ్డాడు. వీరన్న పరుగెత్తాడు. వాడు ఎడమకు వంగాడు. పలక మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నేరుగా పోయి ఒడ్డుకు గుద్దుకుంది. బుడంకాయ్ వెళ్ళి బురదలో పడ్డాడు.

రెండోసారి నిగనిగలాడే చెక్క మీద కాళ్ళు జారాయి. ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు పరుగులు తీసి తీసి, చివరికి నీళ్ళలోకే పరుగెత్తాడు.

మూడోసారి కాళ్ళు జారకుండా ముందు కొసనే గోళ్ళతో పట్టుకుని నిలబడ్డాడు. పలక ముక్కు నీళ్ళలో గుచ్చుకుంది. వాడు గాల్లో రెండు పల్టీలు కొట్టి బొక్కబోర్లా పడ్డాడు. అడవంతా పడీ పడీ నవ్వింది. బుడంకాయ్‌కి తల కొట్టేసినట్టయింది.

"దిగులు పడకు," అంది పోలమ్మ. "వచ్చే ఏడాదికి నువ్వే పెరుగుతావు."

నాలుగు రోజులు తిరక్కుండానే పెద్ద వాన కురిసింది. పిందె జమ్ముగడ్డి నడుమ మిట్ట మీద ఆడుకుంటోంది. టోపీ ముక్కు దాకా దిగి ఉందేమో, నీళ్ళు పెరగడం కనబడలేదు. కాళ్ళు తడిశాక టోపీ ఎత్తి చూస్తే చుట్టూ వాగే!

"అన్నయ్యా!" అని కేక పెట్టింది.

బుడంకాయ్ ఇంటికి పరుగెత్తాడు. పెద్ద పలకను ఈడ్చుకుంటూ వచ్చి, తీగ పట్టుకుని, "లాగు వీరన్నా!" అని అరిచాడు. పలక అడ్డం తిరిగింది. వాడు సుడిలో పడ్డాడు. ఎలుగు బాబాయి ముందు వాడిని బయటికి లాగాల్సొచ్చింది. ఆ కాసేపట్లో నీళ్ళు పిందె పొట్ట దాకా వచ్చేశాయి.

ఎలుగు బాబాయి తన పలక మీద బయలుదేరాడు. జమ్ముగడ్డి ఎంత దట్టంగా ఉందంటే, ఆ పెద్ద పలక రెండు దుబ్బుల మధ్య ఇరుక్కుని కదలనంది. అప్పుడు జొన్నక్క వీరన్న తీగ అందుకుని తన అట్లకాడ నీళ్ళలో వేసింది. కాస్త ఎడమకు వంగింది, కాస్త కుడికి వంగింది. దుబ్బుల సందుల్లోంచి సూదిలా దూరిపోయింది. పిందెను పలక మీద కూర్చోబెట్టి, వెనక తను నిలబడి, గడ్డిలోంచి బయటికి తెచ్చింది.

ఒడ్డుకు చేరే ముందు పిందె టోపీ నీళ్ళలో కొట్టుకుపోయింది.

"అమ్మా, టోపీ పోయింది!"

"పీడా పోయింది!" అని పోలమ్మ కూతుర్ని వాటేసుకుని ఏడ్చేసింది. ఈసారి ఒడ్డున ఎవరూ నవ్వలేదు.

బుడంకాయ్ వచ్చి జొన్నక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "నీ పలకను చూసి నవ్వాను. నీ పలకే నా చెల్లిని తెచ్చింది. నేను అడ్డం పడి ఆలస్యం చేశాను. నన్ను క్షమించు జొన్నక్కా."

"లేరా నాయనా. నేనూ రెండుసార్లు పడ్డదాన్నే," అంది జొన్నక్క.

దండువాళ్ళు జొన్నక్క చెవి వెనక లకుముకిపిట్ట నీలం ఈక గుచ్చి తమలో చేర్చుకున్నారు. పెద్ద పలక మీద పోలమ్మ ఇప్పపూలు ఎండబెట్టుకుంది. అందుకు మాత్రం అది బాగా పనికొచ్చింది. బుడంకాయ్ ఏడాదంతా ఎదురుచూశాడు. మళ్ళీ మబ్బులు పట్టగానే పెద్ద పలకను నిలబెట్టి పక్కన నిలుచున్నాడు. కిందటేడు ఎంత ఉన్నాడో అంతే ఉన్నాడు. ముంగిస ఎంత పెరిగితే మాత్రం ఎలుగుబంటి అవుతుందా?

తల్లినీ చెల్లినీ వెంటబెట్టుకుని నేరుగా టకటకమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"ఏం నాయనా, ఎంత పలక కావాలి?"

"నా అంతటివాడికి ఎంత కావాలో అంత," అన్నాడు బుడంకాయ్, ఇసుకలో వెల్లకిలా పడుకుంటూ.

వెనక నుంచి పోలమ్మ నోరు తెరిచింది. "టకటకమ్మా, కాస్త..."

"అమ్మా!" అని పిల్లలిద్దరూ ఒక్కసారే అరిచారు.

"కాస్త గరుగ్గా ఉండేలా చూడమంటున్నానర్రా, అంతే!" అంది పోలమ్మ.

నీతి: రేపు ఎంతవాళ్ళమవుతామో అని కాదు, ఇవాళ ఎంతవాళ్ళమో చూసుకుని ఎంచుకున్నదే మనల్ని నిలబెడుతుంది.