కంగారమ్మ గుడ్లు, నక్క తెచ్చిన బొమ్మల పుస్తకం

గరపదిబ్బ కింద గోల్ఫ్ మైదానం వేస్తున్నప్పటి సంగతి ఇది. పసుపు రంగు బుల్‌డోజర్లు వచ్చి తుప్పలన్నీ లేపేశాయి. నేల చదునైంది, నీటిగుంట తవ్వారు, ఎక్కణ్ణించో లారీల్లో పచ్చగడ్డి తెచ్చి చాపల్లా పరిచేశారు. మిగిలిందల్లా అంచున ఉన్న ఆ గులకరాళ్ళ దిబ్బ ఒక్కటే. ఆ దిబ్బ మీద ఓ తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టుకుంది. గూడంటూ ఏమీ లేదు. రాళ్ళ మధ్య రాళ్ళలాగే మచ్చల మచ్చల గుడ్లు, పక్కన నిలబడి చూసినా పోల్చుకోలేం. అయినా ఆ తల్లికి నిలకడ లేదు. గాలి వీస్తే అరుపు, ఆకు కదిలితే అరుపు. అందుకే దాన్ని అందరూ కంగారమ్మ అనేవారు.

ఆ గుడ్ల మీద నక్కకి ఎప్పట్నుంచో కన్నుంది. దిబ్బంతా గాలించింది. కాళ్ళు అరిగాయే గానీ ఒక్క గుడ్డూ దొరకలేదు. చివరికి ఓ ఉదయం, ఆఫీసు షెడ్డు వెనక పారేసిన పుస్తకమొకటి నోట కరుచుకుని వచ్చింది. మైదానం ఎలా తయారవుతుందో మొదట్నుంచి చివరిదాకా రంగుల బొమ్మలతో చూపించే పుస్తకమది.

"చెల్లెమ్మా, చదువుకున్నవాళ్ళ పుస్తకం. నీ మంచి కోరి మోసుకొచ్చాను," అంటూ నక్క కాలితో పేజీ తిప్పింది. "ఇదిగో, కొలతలు వేస్తున్నారు. ఇదిగో, తుప్పలు లేపుతున్నారు. ఇదిగో, గడ్డి పరుస్తున్నారు. ఇవన్నీ జరిగాయా లేదా?"

"జరిగాయన్నా," అంది కంగారమ్మ. ఆ పసుపు బండిని అది కళ్ళారా చూసింది మరి.

"అయితే ఈ చివరి బొమ్మలు కూడా చూడు. ఇవి ఇక జరగబోయేవి."

కంగారమ్మ మెడ చాచి చూసింది. పచ్చటి గడ్డి మీద తెల్లగా, గుండ్రంగా ఓ గుడ్డు. పక్కనే టోపీ పెట్టుకున్న మనిషి, కర్ర భుజం మీదికి ఎత్తి నిలబడ్డాడు. కంగారమ్మ చటుక్కున వెనక్కి గెంతింది.

"ఏం చేస్తాడన్నా వాడు?"

"కొడతాడు. అదే వాళ్ళ ఆట. ఇంత నేల చదును చేసింది అందుకే."

"మా గుడ్లు ఇంత తెల్లగా ఉండవే!"

"కడుగుతారమ్మా. మనుషులకి శుభ్రం ఎక్కువ. రేపే ఆట మొదలట. అవెక్కడున్నాయో చూపించు, నా బొరియలో దాచిపెడతాను. పిల్లలయ్యాక వచ్చి తీసుకుపో."

గుడ్లు నక్క బొరియలోనా! ఇంకెప్పుడైనా అయితే కంగారమ్మ దిబ్బ ఎగిరిపోయేలా అరిచేది. కానీ కర్ర ఎత్తిన ఆ మనిషి దాని కళ్ళముందు నుంచి పోవడం లేదు. "సాయంత్రం చెబుతానన్నా. పుస్తకం మాత్రం ఉంచిపో," అంది.

"ఉంచుకో. బాగా చూసుకో," అంది నక్క. ఎంత చూస్తే అంత బెదురుతుందని దాని ధీమా.

ఎండ ముదిరింది. గుడ్లు ఉడికిపోకుండా కంగారమ్మ నీటిగుంటలో పొట్ట తడుపుకుని వచ్చి వాటి మీద కూర్చునేది. అవి చల్లబడగానే పుస్తకం దగ్గరికి పరుగెత్తి ముక్కుతో పేజీలు లాగేది. పగిలిన గుడ్డు బొమ్మ కోసం దాని వెతుకులాట. చూసే ధైర్యం లేదు, చూడకుండా ఉండనూ లేదు. కర్ర ఎత్తిన బొమ్మ ఉంది. కొట్టిన బొమ్మ ఉంది. గుడ్డు ఆకాశంలో ఎగురుతున్న బొమ్మ, ఇసుకలో పడ్డ బొమ్మ, జెండా పాతిన చిన్న గుంటలోకి దొర్లుతున్న బొమ్మ కూడా ఉన్నాయి. పగిలింది మాత్రం ఒక్కటీ లేదు. ఎక్కడా పచ్చసొన చుక్కయినా లేదు.

నీటిగుంటలో పడుకున్న గేదె దగ్గరికి కంగారమ్మ ఎగిరిపోయింది. "పెద్దమ్మా, కర్రతో కొట్టినా పగలని గుడ్డుంటుందా?"

గేదె నెమరు ఆపి తీరిగ్గా చెప్పింది. "గుడ్లేంటే అమ్మాయ్? ఆఫీసు షెడ్డులో ఉండే ఆయన పొద్దున్నే కర్రతో కొట్టే తెల్లవాటి సంగతా? ఈ ఒడ్డు బురదంతా అవే. నిన్న ఒకదాని మీద కాలేశాను. అది బాగానే ఉంది, నా డెక్కే సలుపుతోంది."

కంగారమ్మ ఒకదాన్ని ముక్కుతో పొడిచింది. టక్కుమంది. పైన బురద ఆరి మచ్చలు కట్టి, అచ్చం తన గుడ్డులాగే ఉంది.

"ఇప్పటికైనా భయం పోయిందా?" అంది గేదె.

"లేదు పెద్దమ్మా. మనిషి భయం పోయి నక్క భయం పట్టుకుంది."

సాయంత్రానికి నాలుగు బురద బంతుల్ని ముక్కుతో దొర్లించి, ఒడ్డున గులకరాళ్ళ మధ్య పేర్చి, వాటి మీద కూర్చుంది. నక్క రాగానే, "ఇవేనన్నా. జాగ్రత్త," అని పక్కకి జరిగింది.

"నా ప్రాణంలా చూసుకుంటాను," అంది నక్క. ఆ మాట పూర్తవకముందే ఒకదాన్ని దవడ కింద పెట్టి గట్టిగా నొక్కింది. ఫట్‌మంది. విరిగింది నక్క పన్ను.

కథ అక్కడితో ముగిసి ఉంటే కంగారమ్మకి హాయిగా ఉండేది. కానీ నక్క పగ పట్టింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం రాళ్ళ చాటున నక్కి, పిట్ట పొట్ట తడుపుకుని వచ్చి ఎక్కడ వాలుతుందో చూసింది. వాలగానే ఒక్క దూకులో ఎదురుగా వచ్చి నిలబడింది.

"దొరికావే! ఇవి అసలువే కదూ?"

అరిస్తే గుడ్లు అసలువని చెప్పినట్టే. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కంగారమ్మ అరుపు మింగేసింది. నెమ్మదిగా లేచి పక్కకి జరిగింది.

"నన్నడగడం ఎందుకన్నా? కొరికి చూడు."

నక్క వంగి చూసింది. అవే మచ్చలు. వాసన చూసింది. పిట్ట పొట్ట తడి తగిలి, నిన్నటి గుంట వాసనే కొట్టింది. వాచిన దవడలో విరిగిన పన్ను జివ్వుమంది.

"ఉన్న పళ్ళు కూడా ఊడగొట్టుకోమంటావా? నీ రాళ్ళు నువ్వే పొదుగుకో!" అని ఉమ్మేసి వెళ్ళిపోయింది.

కంగారమ్మ మళ్ళీ గుడ్ల మీద కూర్చుంది. కాసేపటికి పొట్ట కింద టిక్కుమని ఓ గుడ్డు లోపల్నుంచి పగిలింది. అప్పుడు మాత్రం దిబ్బంతా దద్దరిల్లేలా అరిచింది.

నీతి: భయస్తులకి బొమ్మ చూపించి బెదిరించేవాడు, దాన్ని వాళ్ళంత శ్రద్ధగా చూసేవాళ్ళు ఇంకెవరూ ఉండరని మరిచిపోకూడదు.