మొరగట్టు పొరుగుతల్లి ముఖం తిప్పిన కథ

ఈ కథ ఇంతవరకు వినని పిల్లలారా! మీలో చాలామంది మొరగట్టు ఎక్కి ఉండరు. మీ అమ్మానాన్నలు పనుల కోసం భిలాయికో, సూరతుకో, చెన్నైకో వెళ్లాక పుట్టినవారు మీరు. మా ఇంట్లోనూ అలాంటి పిల్లలు ఇద్దరున్నారు. గోడమీది అమ్మవారి పటం చూసి వాళ్లడిగిన ప్రశ్నే ఈ పుస్తకానికి కారణం: "అమ్మవారు మనవైపు చూడదేం? అలిగిందా?" తోచినట్టు జవాబు చెప్పడానికి మనసొప్పలేదు. అందుచేత మూడూళ్ల పెద్దలనూ మళ్లీ అడిగి, వారి మాటలు కలవని చోట ఆ సంగతి కూడా చెబుతూ రాస్తున్నాను.

వెదుళ్లగెడ్డ అనే వాగు కొండ దిగి మైదానంలోకి వచ్చే చోట, ఎడమ ఒడ్డున, పొడుగాటి మట్టిదిబ్బ ఉంది. అదే మొరగట్టు. ఎగువన గుమ్మడివలస, నడుమ తాళ్లపేట, దిగువన పుల్లివాడ, మూడు పంచాయతీల పొలిమేరలూ ఇక్కడే కలుస్తాయి. గట్టు మీద చిన్న గుడి, గుడిలో మనిషెత్తు రాతివిగ్రహం. ఎదురుగా నిలబడితే అమ్మవారి చెవి, చెంప మాత్రమే కనిపిస్తాయి. చూపు పక్కకు ఉంటుంది. కొత్తగా వచ్చినవారు చుట్టూ తిరిగి ఎదటికి రావాలని చూస్తారు గాని, ఆ వైపు గోడ దగ్గరగా ఉన్నందున నిలబడే చోటు లేదు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. రాయి ఒక్కటే ఉండేది. దాని ముఖం అప్పుడు తిన్నగా తూర్పు చూసేదట. గొర్రెలు కాచుకునేవారు దానికి పసుపు రాసి దండం పెట్టుకునేవారు. ఆ కాలంలో ఈ సీమను ఏలిన ప్రభువు పేరు పెద్దలు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెబుతున్నారు కనుక రాయడం లేదు. ఆయన ఏటా వైశాఖంలో గట్టు కింద డేరా వేయించి, మూడూళ్ల మొర వినేవాడు. చోటుకు ఆ పేరు వచ్చింది అందువల్లే. బాట గాని, చెరువు గాని, కట్ట గాని, మూడూళ్లకూ కలిపి ఏడాదికి ఒక్క పనే మంజూరు చేయడం ఆయన కట్టడి. దాంతో ఊరిపెద్దలు ముగ్గురూ పోటీ పడేవారు. ఎవరికి వారు తమ ఊరి కష్టాన్ని పెద్దది చేసి, పక్క ఊరి కష్టాన్ని చిన్నది చేసి చెప్పుకునేవారు.

తాళ్లపేట పెద్ద పారినాయుడు మాటకారి. ఒక ఏడు ఆయనే గెలిచి, గెడ్డకు అడ్డంగా ఎత్తయిన కట్ట వేయించుకున్నాడు. తాళ్లపేటలో రెండో పంట పండింది. కాని ఎగువన నీళ్లు ఎగదన్ని గుమ్మడివలస బాట మునిగిపోయింది. దిగువన పుల్లివాడలో గెడ్డ ఎండిపోయింది, బావులు అడుగంటాయి. పుల్లివాడ పెద్ద దాలినాయుడు పారినాయుడికి స్వయానా బావమరిది. అతని చెల్లెలు సూరమ్మ పారినాయుడి భార్య. చుట్టరికం దగ్గరదైనా నీళ్ల సంగతి వచ్చేసరికి ఇద్దరి మధ్య మాటలు లేవు.

మరుసటి వైశాఖానికి పుల్లివాడ జనం దాలినాయుడికి తమ నిర్ణయం చెప్పేశారు. ఈ మొరలో నీళ్లు రాకపోతే ఊరు విడిచి పోతామని. చెప్పి ఊరుకోలేదు. ఇళ్ల తలుపులు ఊడదీసి బళ్ల మీదకు ఎక్కించారు. తలుపు ఊడదీశారంటే తిరిగిరారని అర్థం. తాతలనాటి ఊరు తన పెద్దరికంలో ఖాళీ అయిపోతుందని దాలినాయుడు కుమిలిపోయాడు.

దర్బారుకు ముందురోజు, మిగతా ఇద్దరు పెద్దలకంటే ముందు అమ్మవారిని పట్టుకోవాలని దాలినాయుడు కొబ్బరికాయల బుట్టతో గట్టెక్కాడు. అక్కడ పారినాయుడు అప్పటికే ఉన్నాడు. ఇంతలో ఎగువ వైపు నుంచి గుమ్మడివలస పెద్ద, ముసలి జోగినాయుడు, మొలలోతు తడిసిన పంచెతో ఆయాసపడుతూ వచ్చాడు.

"ఏటి బావా, ఇలగొచ్చినావు?" అన్నాడు పారినాయుడు, ఏమీ ఎరగనట్టు.

"గాలికొచ్చినాను," అన్నాడు దాలినాయుడు.

"గాలికి కొబ్బరికాయలు కావాలేటి?"

"నీ కట్ట మింగిన నీళ్లకంటే ఎక్కువ కాదులే."

"మీ ఇద్దరూ తరవాత కొట్టుకోండర్రా," అన్నాడు జోగినాయుడు పంచె పిండుకుంటూ. "ముందు నన్ను మొక్కుకోనీండి. ఆ కట్ట తెగిపోవాలని మొక్కాల."

"మావా! నా ఎదటే అంటావా?"

ముగ్గురూ ఒకేసారి రాయి ముందు నిలబడి మొక్కడం మొదలుపెట్టారు. ఒకరి గొంతు మరొకరికి వినిపించకూడదని అరిచారు. భర్తకు మజ్జిగ ముంత పట్టుకుని అప్పుడే గట్టెక్కిన సూరమ్మ ఆ అరుపులకు నివ్వెరపోయి నిలబడింది. ఆమె చూస్తుండగానే రాతిముఖం మెల్లగా పక్కకు తిరిగిందట. తిరిగేటప్పుడు తిరగలి చప్పుడు వంటి చప్పుడైందని తాళ్లపేటవారు, ఏ చప్పుడూ కాలేదని పుల్లివాడవారు చెబుతారు.

"ఓలమ్మో, ఆ అరుపులాపండి! అమ్మోరు మొకం తిప్పేసింది!" అని సూరమ్మ కేక వేసింది.

ముగ్గురూ అరుపులు ఆపేశారు. ఎర్రటి ఎండ. రాయి నీడన కూలబడ్డవారికి అలాగే కన్ను మూతపడింది. ముగ్గురికీ ఒకే కల వచ్చింది. కలలోనూ అమ్మవారు పక్కకే చూస్తూ ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగింది: "నీ ఊరి సంగతి నాను ఎరుగుదునురా. నీ పక్కోడి ఊరికి ఏటి కావాలో సెప్పు."

పారినాయుడు మాటకారే. కాని పుల్లివాడలో జనం ఏం తాగుతున్నారో అతనికి తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. మిగతా ఇద్దరికీ పక్క ఊళ్ల సంగతి అలాగే తెలియదు.

మెలకువ వచ్చాక పారినాయుడు దాలినాయుడి పక్కకు జరిగాడు. ఆ తరువాత, "బావా, మీ ఊళ్లో నీళ్లెక్కడ తోడుకుంటన్నారు?" అని అడిగాడు.

దాలినాయుడు అతని ముఖంలోకి చూసి, "సెప్తే తెలీదు. నడు," అన్నాడు.

పొద్దు వాలేలోగా ముగ్గురూ మూడూళ్లూ తిరిగారు. పుల్లివాడలో తలుపుల్లేని ఇంట్లోంచి ఒక ముసలామె వచ్చి, ఊరికి వచ్చిన అల్లుడు కదా అని పారినాయుడికి చెంబుతో నీళ్లిచ్చింది. ఆ నీళ్లు మట్టిరంగులో ఉన్నాయి. అయినా తాగాడు. గుమ్మడివలసలో మునిగిన బాట చూపించి జోగినాయుడు, "మొన్న పెళ్లికూతుర్ని భుజాలమీద ఈ నీళ్లు దాటించినాం. పిల్ల ఏడిసింది, మోసినోళ్లూ ఏడిసినారు," అన్నాడు. తాళ్లపేటకొచ్చేసరికి నూర్చిన ధాన్యం మీద పిల్లలు దొర్లుతున్నారు. ఆ ఊళ్లో పిల్లలు కడుపునిండా తినడం అదే మొదటి ఏడని సూరమ్మ చెబితే, కట్ట తెగాలని మొక్కిన జోగినాయుడు తల దించుకున్నాడు.

మర్నాడు దర్బారులో ప్రభువు, "ఈ ఏడు ఎవరికి ఏమి కావాలి?" అని అడిగాడు. ముందుగా పారినాయుడు లేచాడు.

"పుల్లివాడకు నీళ్లు కావాలి ప్రభూ. మా కట్ట ఎత్తు తగ్గించి, తూము పెట్టించండి."

"నీ కట్టను నువ్వే తగ్గించమంటున్నావా?"

"నా చివరి మడి ఎండుతుంది. ఎండనీండి."

దాలినాయుడు లేచి గుమ్మడివలసకు ఎత్తు బాట అడిగాడు. జోగినాయుడు లేచి, తాళ్లపేట పంట పోకుండా కట్టకు రాయి వేయించమన్నాడు. ప్రభువుకు ఆశ్చర్యమూ వేసింది, అనుమానమూ కలిగింది. "ఏడాదికి ఒక్క పనే అని మరిచారా?"

"మరవలేదు," అన్నాడు దాలినాయుడు. "కట్టమీద తీసిన మట్టి బాటకెళ్తాది. తగ్గిన చోట రాయి పడితే కట్ట నిలుస్తాది. తూములోంచి మాకు నీళ్లొస్తాయి. మూడూ కలిపితే ఒక్క పనే ప్రభూ. ఇన్నాళ్లూ దాన్ని మూడు ముక్కలు చేసి అడిగినాం."

ప్రభువు నవ్వి ఒప్పుకున్నాడు. పుల్లివాడవారు బళ్లమీంచి తలుపులు దించి, అవే బళ్లతో మట్టి తోలారు. మూడూళ్లవారూ కలిసి పని చేశారు. తూము ఎత్తిన రోజున నీళ్లు పుల్లివాడ చేరేదాకా దాలినాయుడు గెడ్డలో నీళ్ల ముందే నడిచాడట. ఆ సాయంత్రం ఊరంతా తలుపులు బిగించుకున్న సుత్తి చప్పుడు తాళ్లపేట దాకా వినిపించిందని చెబుతారు. అమ్మవారి ముఖం మాత్రం మళ్లీ తిన్నగా తిరగలేదు. ఆనాటి నుంచి ఆమె పొరుగుతల్లి అయింది.

ఇప్పటికీ వైశాఖమాసం మొదటి ఆదివారం నాడు మూడు పంచాయతీల సర్పంచులూ ఇక్కడికి వస్తారు. ముందురోజు ఒకరి ఊరికి ఒకరు వెళ్లి, అక్కడి నీళ్లు తాగి రావడం ఆచారం. గుడి ముందు ఎవరి ఊరి మాట వారు ఎత్తకూడదు. నోరు జారి ఎత్తితే ఆడవాళ్లు ఘొల్లున నవ్వి, "గెడ్డలో మొకం కడుక్కొచ్చి మళ్లీ సెప్పు నాయనా!" అంటారు. నిరుడు గుమ్మడివలస సర్పంచి చిన్నమ్మడు పుల్లివాడ అంగన్‌వాడీ పైకప్పు కోసం మాట్లాడింది. పుల్లివాడ సర్పంచి తాళ్లపేట హైస్కూలుకు ఆడపిల్లల మరుగుదొడ్లు అడిగాడు. తాళ్లపేట సర్పంచి గుమ్మడివలసకు బస్సు అడిగాడు. అన్నీ కలిపి ఒకే అర్జీగా రాసి, ముగ్గురూ సంతకాలు పెట్టి, మండల సమావేశానికీ శాసనసభ్యుడికీ ఇచ్చారు. బస్సు వచ్చింది. పైకప్పు పడింది. మరుగుదొడ్ల పని ఇంకా మొదలు కాలేదు. ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా.

భక్తులూ ఇక్కడ తమ కోరిక చెప్పుకోరు. పక్కింటివారి బిడ్డ జ్వరం తగ్గాలనో, ఎదురింటి అమ్మాయికి ఉద్యోగం రావాలనో మొక్కుకుంటారు. మీ కోసం మొక్కేవారు మరొకరు ఎక్కడో ఉంటారని ఇక్కడి నమ్మకం. పొలంగట్ల తగాదాలు పడినవారు ఇక్కడికి వచ్చి, ఒకరి మొక్కు ఒకరు చెల్లించి, కలిసి ఇళ్లకు వెళ్లడం కళ్లారా చూశాను.

పిల్లలారా! మీరున్న చోటుకు ఈ గట్టు చాలా దూరం. రాగలిగినప్పుడు రండి, రాలేకపోతే అమ్మ ఏమీ అనుకోదు. ఈ కథ మాత్రం మీ దగ్గరే ఆపేయకండి. మీ తరువాతివారికి చెప్పండి. చెప్పేటప్పుడు తలుపు తీసి, పక్కింటి పిల్లలను కూడా పిలిచి కూర్చోబెట్టుకోండి. వాళ్ల భాష వేరైతే వాళ్ల భాషలోనే చెప్పండి.