చదవని ఉత్తరం

హైమవతి గారిని ఏదైనా అడిగితే అవుననో కాదనో చెప్పరు. ఎప్పుడో జరిగినదొకటి చెబుతారు. భీమవరంలో ఒక మేడమీది గదిలో ఆవిడ నెట్‌వర్కుల పాఠం చెప్పేవారు. ఆ సాయంత్రం పాఠం అయిపోయినా యోహాను వెళ్లలేదు. కూర్చోనూ లేదు. కిటికీ దాకా వెళ్లడం, తిరిగి రావడం. అతను రొయ్యల మేత తయారుచేసే ఫ్యాక్టరీలో గుమాస్తా. అక్కడి మురుగునీటిని కాలువలోకి వదిలేస్తున్నారని పేరు లేకుండా అధికారులకు రాయాలనుకున్నాడు. తీసిన ఫొటోలన్నీ ఆఫీసు కంప్యూటర్లోనే ఉన్నాయి.

"మేడమ్, వీపీఎన్ పెట్టుకుని ఆఫీసు నుంచే పంపేస్తే నేనెవరో తెలియదు కదా? అందులో వెళ్లేది దారిలో ఎవరూ చదవలేరంటారు."

ఆవిడ కుర్చీ చూపించారు. అతను కూర్చోలేదు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు.

పదేళ్ల కిందట ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో సుగుణమణి అనే ఆమె పనిచేసేది. పరీక్షలో తప్పిన మందును పాసైనట్టు రాయమంటే ఆమెకు మనసొప్పలేదు. ఒకరోజు అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు తన కంప్యూటర్లో వీపీఎన్ పెట్టుకుని, అప్పుడే తెరిచిన కొత్త మెయిల్ ఖాతా నుంచి అధికారులకు ఫిర్యాదు పంపింది. వారం తిరక్కుండా అధికారుల దగ్గర్నుంచే దాని నకలు మేనేజరు బల్లమీదికి వచ్చింది. అందులో ఆమె పేరు లేదు. పంపిన టైము మాత్రం ఉంది, ఒంటిగంటా పది.

మేనేజరు కంపెనీ నెట్‌వర్కు చూసే ఉద్యోగిని పిలిపించి, ఈ మెయిల్ మన దగ్గర్నుంచే వెళ్లిందా అని అడిగాడు.

"చెప్పలేమండీ. వీపీఎన్‌లో వెళ్లినదాని లోపల ఏముందో మాకు కనబడదు."

అది నిజమే. మేనేజరు అంతటితో వదల్లేదు.

"పోనీ, ఆ టైముకి మన దగ్గర వీపీఎన్ వాడిందెవరు?"

అది రికార్డులో ఉంది. ఏ కంప్యూటరు, ఎన్నింటికి మొదలుపెట్టింది, ఎంతసేపు. కంపెనీలో రెండు వందల కంప్యూటర్లుంటే ఆ మధ్యాహ్నం వీపీఎన్ వాడింది ఒక్కటే. ఆ ఉద్యోగి నోట రెండోసారి కూడా నిజమే వచ్చింది. సాయంత్రానికల్లా సుగుణమణి గేటు దగ్గర గుర్తింపు కార్డు ఇచ్చేసి వెళ్లిపోయింది. ఆ మందు బజారుకి వెళ్లింది.

యోహాను నడక ఆగింది. "ఆ ఉద్యోగి ఆమె పేరు చెప్పకుండా ఉండాల్సింది మేడమ్."

"ఉండాల్సింది," అన్నారు హైమవతి గారు. "అడిగినదానికి జవాబు చెప్పడమే నా పని అనుకున్నాను."

అతను వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నెమ్మదిగా అడిగాడు.

"ఆమె ఏం రాసిందో మీరు చూశారా?"

"ఒక్క అక్షరం కూడా చూడలేదు నాయనా," అన్నారావిడ. "చూడాల్సిన అవసరమే రాలేదు."