పైమడుగు నీళ్ళు

ఓబులేసు రోజుకు నాలుగుసార్లు చేతులు బూడిదతో తోముకునేవాడు. అంట్లగిన్నెల్ని కూడా ఎవరూ అంతగా అరగదీయరు. అరచేతులు పగిలినా మానేవాడు కాదు. వేట వదిలేసి మూడేళ్ళయినా చేతుల నెత్తురు వాసన పోలేదని అతని బాధ. ఆశ్రమంలో ఆ వాసన తెలిసేది అతనొక్కడికే.

చివరికి గురువు చిదంబరయ్య ఉపదేశం ఇస్తానన్నాడు. "రేపు పొద్దు కొండ దాటకముందే ఒక కడవ నీళ్ళు తీసుకురా" అన్నాడు. ఆ ఘడియ దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి. అది అక్కడి నియమం.

తెల్లవారగానే ఓబులేసు వాగుకు పోయాడు. రేవులో దుప్పి తల, గిట్టలు, పేగులు పడి ఉన్నాయి. ఎవరో వేటగాళ్ళు మాంసం, తోలు పట్టుకుపోయి మిగిలినవి సగం నీళ్ళలో, సగం ఇసుకలో వదిలేశారు. ఓబులేసు తలతిప్పుకుని, వాగు వెంట పైకి నడిచి, పైమడుగులో కడవ ముంచుకుని వచ్చాడు.

"ఆలస్యమైందే?" అన్నాడు చిదంబరయ్య.

జరిగింది చెప్పాడు. "నేను దాన్ని ముట్టుకోలా సామీ. పైకి పోయి మంచినీళ్ళే తెచ్చినా." ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

గురువు కడవలోకి తొంగిచూశాడు. "తేటగా ఉన్నాయి" అన్నాడు. కడవను అరుగు మీద పెట్టి, మూలనున్న గడ్డపార, పార అందుకుని వాగు వైపు నడిచాడు.

ఓబులేసు వెనకే పోయి, ఒడ్డున బండమీద దూరంగా నిలబడ్డాడు. డెబ్బై దాటిన మనిషి రేవు పక్కనే ఇసుకలో గుంత తవ్వుతున్నాడు. మోకాలి లోతు రాకముందే నీళ్ళు ఊరాయి. అయినా ఆయన తవ్వుతూనే ఉన్నాడు. ఓబులేసు కాసేపు ఓర్చుకున్నాడు.

"ఆడ కాదు సామీ. వాగొస్తే పైకి తేలతాది."

"మరి ఎక్కడ?"

"ఆ దిబ్బకవతల. నీళ్ళకు దూరంగా."

గురువు దిబ్బ అవతలికి పోయాడు. జానెడు తవ్వి ఆయాసంతో ఆగాడు. "ఇంత చాలునా?"

"నక్కలు తోడేస్తాయి సామీ. నడుము లోతుండాల. పైన రేగుకంప పరిచి రాళ్ళెయ్యాల."

"అట్లనా" అని గురువు మళ్ళీ గడ్డపార ఎత్తాడు.

అప్పుడే కింద పేట నుంచి లక్షుమక్క రెండు బిందెలతో వచ్చింది. రేవులో ఉన్నది చూసి ఆగిపోయింది. ఆమె వెనక ఇంకా నలుగురు ఆడవాళ్ళు దిగుతున్నారు.

"సామీ, ఈ నీళ్ళు ముంచుకోవచ్చునా?"

"నాకు తెలీదు తల్లీ. ఆయన్నడుగు."

అందరూ ఓబులేసు వైపు చూశారు. అతను నీళ్ళను చూశాడు. పైన పలచగా కొవ్వు తేలుతోంది. తర్వాత కొండను చూశాడు. పొద్దు అంచు మీదికి వచ్చేసింది.

"ఇవి తాగొద్దక్కా. పైన మడుగుంది, ఆడికి పోండి. రెండు మూడు దినాలు ఆడే ముంచుకోండి. పేటలో అందరికీ చెప్పండి."

ఆడవాళ్ళు పైకి పోయారు. ఓబులేసు బండ దిగి గురువు చేతిలో గడ్డపార తీసుకున్నాడు.

నడుము లోతు తవ్వాడు. పేగులు చిట్లకుండా రెండు చేతులా ఎత్తి మోసుకొచ్చాడు. గిట్టలు తెచ్చాడు. తల చివర్న తెచ్చాడు. జంతువును చంపినవాడే మూడు దోసిళ్ళ మట్టి వేయాలన్నది వాళ్ళ నాయన నేర్పిన పద్ధతి. చంపినవాళ్ళు లేరు కాబట్టి ఆ మూడు దోసిళ్ళూ తనే వేశాడు. మూడోది వేస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మట్టి కప్పి, కంప పరిచి, రాళ్ళు పేర్చేసరికి పొద్దు కొండ దాటి చాలాసేపయింది.

ఆశ్రమానికి తిరిగొచ్చాక ఓబులేసు పొయ్యి దగ్గర కూలబడ్డాడు. మోచేతుల దాకా మట్టి, నెత్తురు. అలవాటుగా చెయ్యి బూడిద వైపు పోయింది.

"అదెందుకు?" అన్నాడు గురువు. అరుగు మీది కడవ ఎత్తుకొచ్చి అతని ముందు వంచాడు.

ఓబులేసు చేతులు వెనక్కి తీసుకున్నాడు. "సామీ, అవి ఉపదేశానికి తెచ్చిన నీళ్ళు."

"తెలుసు" అన్నాడు చిదంబరయ్య. "చేతులు చాపు."