పాములవాడి సైటుకు మంగళవాద్యం

ఆకివీడులో చిట్టబ్బాయి మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులెవరైనా తాము తయారుచేసిన వెబ్‌సైటు తెచ్చి చూపిస్తే ఆయన బాగుందనరు, బాగాలేదనరు. మొదటినుంచి చివరిదాకా చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "పని పడ్డవాడెవడైనా దీన్ని చూశాడా?" అని అడుగుతారు. చూడలేదంటే "అయితే ఆగుదాం" అంటారు. ఇంటి ముందుగదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని పదేళ్లుగా ఆయన చెబుతున్న పాఠం దాదాపు ఇంతే. ఫీజు ముందే కట్టేస్తే ఇంకాస్త చెబుతారేమోనని కొందరు కట్టి చూశారు. లాభం లేకపోయింది.

ఆయన శిష్యుల్లోకెల్లా వయసులో పెద్దవాడు భీమేశ్వర్రావు. ఇరవై రెండేళ్లు శుభలేఖల ప్రెస్సులో అక్షరాలు కూర్చి, శుభలేఖలన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాక తానూ వాటి వెనకే బయల్దేరినవాడు. సైట్ల పని ముప్పాతిక వంతు తనంతట తానే నేర్చుకున్నాడు. అంచేత అతని తప్పులన్నీ సొంతంగా చేసినవే తప్ప ఒకరిని చూసి దించినవి కావు. ఈ మాట నలుగురిలో అతనే చెప్పుకునేవాడు, కాస్త గర్వంగా కూడాను.

అతనికి తగిలిన మొదటి బేరం పాములు పట్టే సింహాద్రిది. చేపల చెరువుల మధ్య ఊరు కాబట్టి వానలు పడ్డాయంటే పాములు గట్లు దిగి ఇళ్లలోకి వచ్చేస్తాయి. సింహాద్రి వాటిని దెబ్బ తగలకుండా పట్టి, దూరంగా తీసుకెళ్లి వదిలేస్తాడు. "ఆపదలో ఉన్నోళ్లు ఫోను తీసి వెతికితే నేను దొరకాలండి బాబూ, అంతే," అని చెప్పి వెళ్లాడు. ఆ "అంతే"ని భీమేశ్వర్రావు మొహమాటం కింద లెక్కేసి, నెల్లాళ్లు ఒళ్లు వంచి పనిచేశాడు.

సైటు పుట్టి ఇరవై రోజులైంది. ఒక్క ఫోను రాలేదు. ఊళ్లో పాములేమైనా తగ్గాయా అంటే అదీ లేదు. "పక్కవీధోళ్లు మీ సైటు తెరిచారంట బాబూ. తెరిచి, కాసేపు చూసి, కర్ర తీసుకుని కొట్టి చంపేశారంట," అన్నాడు సింహాద్రి, చచ్చినది తన మేనల్లుడైనట్టు మొహం పెట్టి. ఈ ఆదివారం దాకా చూసి సైటు తీయించేస్తానని కూడా అన్నాడు.

ఆ ఆదివారం పొద్దున్న పదింటికి భీమేశ్వర్రావు లాప్‌టాప్ చంకన పెట్టుకుని మాస్టారింటికి వెళ్లాడు. మాస్టారు సైటంతా చూశారు. చుట్టూ పసుపు అంచు, నాలుగు మూలలా కుంకుమ బొట్లు. పైన వినాయకుడు. తెరవగానే గులాబి రేకులు జలజలా రాలతాయి, సన్నాయి మేళం మోగుతుంది. తర్వాత సింహాద్రి తాతముత్తాతల పేర్లు, చిరంజీవుల పేర్లు, "సకుటుంబ సపరివారంగా విచ్చేసి మా సేవలు అందుకోగలరు" అన్న విన్నపం. శుభలేఖలో కల్యాణమండపం చిరునామా ఎక్కడుంటుందో ఫోను నంబరూ సరిగ్గా అక్కడే ఉంది. అట్టడుగున, ఎడమ మూల, సన్నటి అక్షరాల్లో.

"మాస్టారూ, కొత్తవాళ్లు ఎక్కడ తప్పు చేస్తారో ఒకటి, రెండు, మూడు అని వరసగా చెప్పేయండి, దిద్దుకుంటాను," అన్నాడు భీమేశ్వర్రావు. "నాకైతే ఇందులో ఏ లోటూ కనబడటం లేదు."

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని నోరు తెరవబోయారు. ఇంతలో పెరటి వరండాలోంచి ఆయన అక్కగారు అప్పాయమ్మ గొంతు వినబడింది. "ఒరేయ్ చిట్టబ్బాయీ, నా మంచం కింద ఎవరో బుసలు కొడుతున్నార్రా!"

ఇద్దరూ పరుగెత్తారు. డెబ్భై రెండేళ్ల అప్పాయమ్మగారు చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని నులక మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చునున్నారు. మంచం కింద, గోడ వారగా, చుట్ట చుట్టుకుని నల్లటి తాచు. ఆవిడ దిగడానికి లేదు. వీళ్లు దగ్గరికి వెళ్లడానికి లేదు.

"అక్కా, కదలకు. కాళ్లు పైనే ఉంచుకో," అన్నారు మాస్టారు పాము మీదనుంచి చూపు తిప్పకుండా. "భీమేశ్వర్రావూ, సింహాద్రికి ఫోను కొట్టు."

సింహాద్రి ఎప్పుడూ తనే ఇంటికి వచ్చేవాడు కాబట్టి అతని నంబరు భీమేశ్వర్రావు దాచుకోలేదు. అయినా అతనికి లోపల ఎక్కడో చిన్న సంతోషం కలిగింది. "నంబరు సైట్లో ఉంది మాస్టారూ!" అన్నాడు.

ఫోను తీసి సైటు తెరిచాడు. లాప్‌టాప్‌లో రెప్పపాటులో వచ్చే వినాయకుడు ఫోనులో ముందు కిరీటం, కాసేపటికి చెవులు, ఇంకాసేపటికి తొండం చొప్పున దిగుతున్నాడు. బొజ్జ దాకా వచ్చేసరికి పూలు రాలడం మొదలైంది. ఆ వెంటనే సన్నాయి అందుకుంది.

"ఓరి నీ మొహం మండ!" అన్నారు అప్పాయమ్మగారు. "దాన్ని పంపించరా అంటే నాదస్వరం ఊది ఆడిస్తున్నాడేంట్రా వీడు!"

"ఆపుతున్నానండీ!" అన్నాడేగానీ ఆపే బటన్ ఎక్కడా లేదు. మరిచిపోయి కాదు. మంగళవాద్యం మధ్యలో ఎవరాపుతారని పెట్టలేదు. పాము తల ఎత్తింది. భీమేశ్వర్రావు ఫోను పొట్టకేసి నొక్కుకున్నాడు. మేళం అతని పొట్టలోంచి వినబడసాగింది.

మళ్లీ చూసేసరికి తెర నిండా ఒక పెట్టె. "మీ రాక మాకెంతో ఆనందం. మీ శుభనామం, గ్రామం తెలుపగలరు."

"ఏమైందిరా?" అన్నారు అప్పాయమ్మగారు.

"పేరు అడుగుతోందండీ."

"ఎవరి పేరు? పాముదా?"

ఆ పెట్టె మూసే గుర్తు ఆవగింజంత ఉంది. భీమేశ్వర్రావు బొటనవేలు ఇరవై రెండేళ్ల ప్రెస్సు పనిలో బాగా వెడల్పయింది. నాలుగుసార్లు నొక్కితే నాలుగుసార్లూ పక్కనున్న వినాయకుడే పెద్దగా తెరుచుకున్నాడు. చివరికి శుభనామం దగ్గర తన పేరే రాసి, గ్రామం దగ్గర ఆకివీడు అని రాసి, లోపలికి వెళ్లాడు. వెళితే ఎండలో ఏమీ కనబడలేదు. గంధం రంగు మీద పసుపు అక్షరాలు. ప్రెస్సులో అందరూ మెచ్చుకునే జోడీ అది. భుజం మీది తువ్వాలు నెత్తిన కప్పుకుని, పాతకాలం ఫొటోగ్రాఫరులా లోపల తలదూర్చి, తాతముత్తాతల్ని దాటుకుంటూ, చిరంజీవుల్ని దాటుకుంటూ అడుగుకు దిగాడు.

నంబరు దొరికింది. నొక్కాడు. ఏమీ కాలేదు. అది అంకెలు కాదు, అంకెల బొమ్మ. అంచు అందంగా ఉంటుందని బొమ్మలో కలిపేశాడు. సరే, పది అంకెలూ బట్టీపట్టి, ఫోను కొట్టే చోటికి వెళ్లేసరికి ఆరే గుర్తున్నాయి. వెనక్కి వచ్చాడు. వినాయకుడు మళ్లీ కిరీటం దగ్గర్నుంచి మొదలయ్యాడు. పూలు మళ్లీ రాలాయి. సన్నాయి మళ్లీ అందుకుంది. రెండోసారి ఏడు అంకెలు గుర్తున్నాయి. ఇలా అయితే ఇంకో మూడు పెళ్లిళ్లు జరిగితేగానీ ఫోను వెళ్లదని లెక్క తేలింది.

తాచు చుట్ట విప్పింది. మంచం కోడు దాకా జరిగి, అక్కడ ఆగింది. అప్పాయమ్మగారి చేతిలోంచి ఒక చిక్కుడుకాయ జారి కిందపడింది.

"బట్టీలెందుకురా సన్నాసీ!" అని ఆవిడ గొంతు తగ్గించి కేకేశారు. ఆ రెండూ ఒకేసారి చేయగల మనిషి ఆవిడ. "పైకి చదువు! చిట్టబ్బాయి తన బటన్ ఫోనులో నొక్కుతాడు!"

మాస్టారు జేబులోంచి తన పాత ఫోను తీశారు. తువ్వాలు కిందనుంచి భీమేశ్వర్రావు, మేళం మీదుగా, అంకెలు ఒక్కొక్కటే అరిచాడు. మాస్టారు ఒక్కొక్కటే నొక్కారు. అటు గంట మోగింది.

పావుగంటలో సింహాద్రి మోపెడ్ మీద వచ్చి వాలాడు. మంచం కిందికి వంగి చూసి, "రావే తల్లీ," అని తోక పట్టి పైకి లేపి, గోనెసంచీలోకి దించాడు. పట్టుమని రెండు నిమిషాలు పట్టలేదు. అప్పాయమ్మగారు మంచం దిగి, ఇద్దరి వంకా చూడకుండా, కిందపడిన చిక్కుడుకాయ ఏరుకుని లోపలికి వెళ్లిపోయారు.

"నంబరు ఎక్కడ దొరికిందండి మాస్టారూ?" అని అడిగాడు సింహాద్రి సంచీ మూతి కడుతూ.

"నీ సైట్లోనే."

"సైటు చూసి చేశారా!" సింహాద్రి మొహం వెలిగిపోయింది. "ఇరవై రోజులకి మొదటి ఫోనండీ. ఇంకో నెల ఉంచుతాను బాబూ," అని భీమేశ్వర్రావుకి దణ్ణం పెట్టి, సంచీ మోపెడ్‌కి తగిలించుకుని వెళ్లాడు.

ఆ మాటతో భీమేశ్వర్రావుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. పూర్తిగా లేచొచ్చాక, మాస్టారి పక్కన అరుగు మీద కూర్చుని, "మొత్తానికి సైటు పనిచేసినట్టేగా మాస్టారూ," అన్నాడు. తర్వాత గొంతు కాస్త తగ్గించి అడిగాడు. "మేళం సౌండు కొంచెం తగ్గించమంటారా?"

మాస్టారు సందు మలుపు తిరుగుతున్న గోనెసంచీ వైపే చూస్తున్నారు.

"అది పాము కాబట్టి ఆగింది భీమేశ్వర్రావూ. పని పడ్డవాడు ఆగడు," అన్నారు.