వైద్యశాల పాస్‌వర్డ్

చిదంబరానికి వైఫై పాస్‌వర్డ్ గుర్తుకు రావడం లేదు.

అతను కొండ మీది ఆశ్రమంలో వైద్యశాల పనులు చూసే శిష్యుడు. అక్కడ ఫోను సిగ్నల్ అందదు. ప్రతి గురువారం పట్నం డాక్టరమ్మ వీడియోలో రోగులను చూడాలంటే వైఫై ఒక్కటే దారి. పాత కంప్యూటరు చెడిపోయి కొత్తది వచ్చింది. అది పాస్‌వర్డ్ అడుగుతోంది.

బయట బల్లల మీద జనం నిండిపోయారు. వాచిన కాలు ఈడ్చుకుంటూ కొండెక్కి వచ్చిన సీతాలమ్మ, "ఇంకెంతసేపు బాబూ?" అని అడిగింది.

"సర్వర్ అమ్మా," అన్నాడు చిదంబరం.

ఆమె అదేదో జబ్బు అనుకుంది. "పాపం, ఈ వయసులోనే," అంది.

యాత్రికులు సినిమాలు చూసేస్తున్నారని నెల క్రితం పాస్‌వర్డ్ మార్చింది అతనే. ఎవరి కంటైనా పడుతుందని ఎక్కడా రాయలేదు. గురువు అడిగితే, "మీరు దయ తలచి అందరికీ చెప్పేస్తారు స్వామీ," అని తప్పించుకున్నాడు.

ఇప్పుడు తన పుట్టినరోజు కొట్టి చూశాడు. ఆశ్రమం పేరు కొట్టాడు. ఊరి పిన్‌కోడు కొట్టాడు. వైఫై పెట్టె వెనక మీట నొక్కితే అన్నీ చెరిగిపోతాయి, మళ్ళీ సరిచేయడానికి పట్నం నుంచి మనిషి రావాలి. చివరికి గురువు కోదండయోగి దగ్గరికి వెళ్ళి తలవంచుకుని నిలబడ్డాడు.

"ఎక్కడా రాసుకోలేదా?"

"లేదు స్వామీ. మనసులోనే దాచాను."

"ఇప్పుడు మనసు ఇవ్వనంటోందా?"

చిదంబరం మెల్లగా తలూపాడు.

యోగి మెడలోని జపమాల తీసి అతని చేతిలో పెట్టాడు. "కూర్చుని రోజూ చేసే జపం చెయ్యి. కాస్త పైకి చెయ్యి."

"డాక్టరమ్మ వచ్చే వేళయింది స్వామీ."

"అందుకే చెయ్యమంటున్నా."

చిదంబరం కళ్ళు మూసుకున్నాడు. మొదట పూసలు తడబడ్డాయి. తర్వాత వేళ్ళు దారిలో పడ్డాయి. పెదవులు వాటంతట అవే కదిలాయి.

"పెద్ద కే... చిన్న ఆర్... ఏడు... యాట్... పెద్ద జెడ్... రెండు సున్నాలు... పెద్ద కే... చిన్న ఆర్..."

యోగి కలం తీసి అరచేతిలో రాసుకున్నాడు. మెల్లగా లేచి వైద్యశాలలోకి వెళ్ళి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. కాసేపటికి డాక్టరమ్మ గొంతు వినిపించింది. ఆ వెంటనే సీతాలమ్మ తన కాలి సంగతి మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.

ఆ గొంతుకు చిదంబరం ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఎదురుగా తిరిగొచ్చిన గురువు.

"మీకెలా తెలిసింది స్వామీ?"

"నెల రోజులుగా ధ్యానంలో నీ పక్కనే కూర్చుంటున్నాను కదా నాయనా."

చిదంబరం ముఖం ఎర్రబడింది. జపమాల తిరిగి ఇవ్వబోయాడు.

"ఉంచుకో," అన్నాడు యోగి. "పాస్‌వర్డ్ దొరికింది. ఇక నేనిచ్చిన మంత్రం వెతుకు."