ముళ్లు దించిన సూదెమ్మ

“ముళ్లు దించిన వారి జోలికి నేను రాను, నా వారు రారు. వారి తప్పులన్నీ మన్నించాను. ఇది నా మాట.”

అడవికి ఇంకా హద్దురాళ్లు పడని కాలంలో, అనగా అనగా, చారలరాజు అనే పెద్దపులి నిండు సభలో అన్న మాట ఇది. అన్నాడు. తప్పాడు. ఎలా తప్పాడో వినండి.

ఆ అడవిలో కందదిబ్బ అని ఒక మెత్తని నేల ఉండేది. తాతల కాలం నుంచి ఏదుపందులు అక్కడే దుంపలు తవ్వుకుని బతికేవి. ఒకనాడు రాజు ఆ దిబ్బను తన కొలువులోని అడవిపందులకు ఇచ్చేశాడు. ఏదుపందులను అడగనే లేదు.

“తవ్వేవాడిదే దుంప!” అని అరుస్తూ ఏదుపందులు కొండ గుహలకెక్కాయి. తిరుగుబాటు మొదలైంది.

మూడు వానాకాలాలు గడిచాయి. అడవిపందుల మూతులు వాచాయి. ఏదుపందుల పిల్లలు ఆకలికి చిక్కిపోయాయి. చివరికి రాజుగారి పంజాలోనే ఒక ముల్లు దిగింది. ఆయన కుంటుకుంటూ సభకు వచ్చి క్షమాభిక్ష ప్రకటించాడు.

కొండ దిగాలి. ముళ్లు దించాలి. దిగినవారికి కందదిబ్బలో ఒక చెక్క నేల, దానికి గుర్తుగా రాజముద్ర వేసిన మోదుగాకు. ఏడాదికొక పున్నమి ఉదయం వచ్చి హాజరు చెప్పుకోవాలి. ఇవీ షరతులు. వీటిని అమలు చేసే పని తొండ మంత్రికి అప్పగించారు. ఎవరేమన్నా తలూపడమే ఆయన నేర్చిన విద్య.

అందరికంటే ముందు కొండ దిగింది సూదెమ్మ అనే ఏదుపంది. ఆమె మరిది గరుకయ్య దారికి అడ్డం నిలిచాడు.

“లొంగిపోతున్నావా వదినా? చరిత్ర నిన్ను క్షమించదు!”

“చరిత్ర సంగతి తర్వాత మరిదీ. నీ గుహలో చారెడు దుంప ఉంటే చూపించు.”

గరుకయ్య దారి నుంచి పక్కకు జరిగాడు.

“నేను లొంగడం లేదు, మా నేలకు తిరిగి పోతున్నాను. పులి మాట నిజమో కాదో నా వీపు మీద చూసుకోండి. నిజమైతే మీరు నలభై మందీ దిగి రండి. అబద్ధమైతే నేనే పైకొస్తాను” అంది సూదెమ్మ.

మొదటిసారి తొండ మంత్రి బండ మీద కూర్చుని అడిగాడు. “ముళ్లు దించావా?”

సూదెమ్మ ముళ్లన్నీ వీపుకు అణచి, తల వంచింది. “దించాను మంత్రిగారూ.”

“ఎక్కడ దించావే? కళ్లకు కనబడుతూనే ఉన్నాయిగా! దించడమంటే పీకి కింద పెట్టడం. కుప్ప వెయ్యి.”

సూదెమ్మ వెనక్కి తిరగబోయింది. కానీ కొండ మీద నలభై జతల కళ్లు చూస్తున్నాయి. పళ్లు బిగించి ఓర్చుకుంది. ఒక్కొక్క ముల్లూ పీకించుకుంది. వీపంతా రక్తం. మోదుగాకు తీసుకుని వెళ్లి పెండలం నాటింది.

ఏడాది తిరిగింది. ముళ్లు మళ్లీ మొలిచాయి. మొలవక ఏం చేస్తాయి?

రెండోసారి తొండ మంత్రి కళ్లు పెద్దవి చేశాడు. “ఓహో! మళ్లీ ఆయుధాలు పట్టావన్నమాట!”

“పట్టలేదయ్యా, మొలిచాయి.”

“మొలిచాయో, మొలిపించావో! షరతు షరతే.”

మళ్లీ పీకారు. మళ్లీ రక్తం. కొండ మీంచి గరుకయ్య కేకేశాడు. “ఏం వదినా, పులిగారి కరుణ చల్లగా ఉందా?”

ఇంకో ఏడాది గడిచింది. పెండలం తీగ పందిరంతా అల్లుకుంది. మట్టిలో దుంప ఊరుతోంది. సూదెమ్మ వీపున ముళ్లూ నిండుగా మొలిచాయి.

“ముచ్చటగా మూడోసారి!” అన్నాడు తొండ మంత్రి. “ఈసారి ముళ్లతో పాటు నేల కూడా వదులు. ఆ ఆకు ఇటు తే.”

“పైకొచ్చెయ్ వదినా! పోరాటమే మార్గం!” అని గరుకయ్య అరిచాడు. కొండ అంచున నలభై మందీ ముళ్లు నిక్కబొడుచుకుని నిలబడ్డారు.

సూదెమ్మ కొండ వైపు చూసింది. దుంప వైపు చూసింది. “పారిపోతే తప్పు నాదంటారు. నిలబడితే తప్పెవరిదో తేలుతుంది” అనుకుంది. తిన్నగా రాజసభకు నడిచింది. తొండ మంత్రీ వెనకే పరుగెత్తాడు.

“దొరా, ఆనాడు మీరన్న మాట మరొక్కసారి అనండి.”

“ముళ్లు దించిన వారి జోలికి రానన్నాను. అయితే ఏమిటి?”

“దించడమంటే ఏమిటి దొరా?”

“పీకి కుప్ప వెయ్యడం!” అని తొండ మంత్రి తలూపాడు.

“ముల్లు లేనివాడికి ముళ్ల మాట ఏం తెలుసు? చూడండి” అంటూ సూదెమ్మ ఒళ్లు విదిలించింది. ముళ్లన్నీ గలగలమని లేచాయి. అడవిపందులు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. తొండ మంత్రి వెల్లకిలా దొర్లాడు. రాజు తనకు తెలియకుండానే పంజా పొట్ట కిందికి లాక్కున్నాడు.

“ఇది ఎత్తడం” అంది సూదెమ్మ. మెల్లగా ఊపిరి వదిలింది. ముళ్లన్నీ వాన తగిలిన గడ్డిలా వాలిపోయాయి. “ఇది దించడం. మా జాతిలో తల్లి బిడ్డకు మొదట నేర్పేది ఇదే. దించిన ముళ్లతోనే కొండ దిగాను. ఈ సభకొచ్చేదాకా మళ్లీ ఎత్తలేదు. ఎవరికైనా గుచ్చుకుందేమో అడగండి.”

ఒక ముసలి అడవిపంది గొంతు సవరించుకుంది.

“ఆ ఆడకూతురి పక్క చెక్కే నాది దొరా. ఒక్క ముల్లూ తగల్లేదు. పైగా కిందటేడు దుంప కూడా పెట్టింది.”

చారలరాజు తన పంజా తిప్పి చూసుకున్నాడు. గోళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. వాటిని పీకి కుప్ప వెయ్యమని ఎవరూ ఎన్నడూ అనలేదు.

“మాట నాది. దానికి అర్థం నేనడగలేదు. తప్పూ నాదే” అన్నాడు.

“నేనూ అదే అంటున్నాను దొరా!” అని తొండ మంత్రి గబగబా తలూపాడు. సభంతా గొల్లుమంది.

సూదెమ్మ నవ్వలేదు. “నా నేల నాదేనని చాటింపు ఎప్పుడు?”

“చూద్దాంలే.”

“చూద్దామనే మాటకు తిథి ఉండదు దొరా. తిథి చెప్పండి.”

రాజు ఆమె వీపున మానిన గాయాలు చూశాడు. “ఈ రోజే” అన్నాడు.

ఆ రోజే డప్పు మోగింది. తొండ మంత్రి ఎర్రటి ఎండలో కొండెక్కి, ఒక్కొక్క గుహ ముందూ నిలబడి, తలూపకుండా తప్పు ఒప్పుకున్నాడు. నలభై మందీ ముళ్లు దించి, ముళ్లతోనే దిగి వచ్చారు. అందరి వెనక గరుకయ్య.

“ఇది లొంగుబాటు కాదు వదినా. పోరాటంలో ఇది మరో దశ...”

“సరేలే మరిదీ, ముందు తిను” అని సూదెమ్మ వేడి పెండలం ముక్క అతని నోట్లో పెట్టింది.

కాబట్టి పిల్లలూ, మన్నిస్తానని మాట ఇచ్చినవాడు ఆ మాటకు అర్థం మార్చకూడదు. మార్చిన దొరలెవరైనా ఈ కథ వింటూ ఉంటే, వచ్చే ఏరువాక పున్నమిలోగా జవాబు చెప్పాలి.